బండలో, నీటిలో, పప్పులో: తాండూరు కాల్షియం

వికారాబాద్ జిల్లాలోని తాండూరు పట్టణానికి పేరు తెచ్చినవి రెండు: ఇళ్లలో నేలకు పరిచే నాపబండ, వంటింట్లో ఉడికే కందిపప్పు. ఒకటి గనిలోంచి వచ్చేది, మరొకటి చేనులోంచి వచ్చేది కాబట్టి ఈ రెంటికీ సంబంధం ఉండదనే ఎవరైనా అనుకుంటారు. అయితే బండ మీద నిమ్మరసం పడితే మరక ఎందుకు పోదు, బోరు నీళ్లలో పప్పు ఎందుకు మెత్తబడదు, పసుపులో సున్నం కలిపితే ఎరుపు ఎక్కడి నుంచి వస్తుంది, సిమెంటుకు గట్టిపడేదాకా నీళ్లెందుకు పట్టాలి అనే ప్రశ్నలను వరుసగా పరిశీలిస్తే, జవాబులన్నీ చివరికి కాల్షియం అనే ఒకే మూలకం దగ్గర కలుస్తాయి. మూలకం అంటే మరింత సరళమైన పదార్థాలుగా విడగొట్టడానికి వీలులేని మౌలిక పదార్థం. తాండూరు ప్రాంతంలో ఈ మూలకం రాయిగా, నీటిలో కరిగిన లవణంగా, మట్టిలో పోషకంగా, కొలిమిలో కాలిన సున్నంగా వేషాలు మారుస్తూ ఉంటుంది.

సముద్రం మిగిల్చిన బండ

తాండూరు బండ, కర్ణాటకలోని షాబాద్ పేరుతో అమ్ముడయ్యే బండ ఒకే శిలా సముదాయానికి చెందినవి. కలబురగి, యాదగిరి, విజయపుర జిల్లాల నుంచి తాండూరు దాకా సుమారు 5,200 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన ఈ ప్రాంతాన్ని భూగర్భ శాస్త్రవేత్తలు భీమా బేసిన్ అంటారు. నేటికి 100 కోట్ల నుంచి 54 కోట్ల సంవత్సరాల వెనకటి మహాయుగంలో ఇక్కడ లోతు తక్కువైన సముద్రం ఉండేది. ఆ నీటిలో కరిగి ఉన్న కాల్షియం, కార్బన్ డయాక్సైడ్ వల్ల ఏర్పడిన కార్బనేట్‌తో కలిసి, కాల్షియం కార్బనేట్ అనే తెల్లటి సన్నని పొడిగా అడుగుకు దిగింది. పొరమీద పొరగా పేరుకున్న ఆ బురద, పైపొరల బరువుకు నలిగి, కోట్ల ఏళ్లలో సున్నపురాయిగా మారింది.

సముద్రంలో పుట్టిన రాయి అయినప్పుడు అందులో గవ్వలు, నత్తగుల్లలు ఎందుకు కనబడవన్న సందేహం సహజమే. ఆ సముద్రం ఉన్నప్పటికి పెంకు కట్టుకునే జీవులు భూమి మీద ఇంకా పుట్టలేదు. కంటికి కనబడని సూక్ష్మజీవులదే అప్పటి రాజ్యం. సూర్యకాంతితో ఆహారం తయారు చేసుకునే సయనోబాక్టీరియా వంటివి చుట్టూ ఉన్న నీటి నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను లాక్కున్నప్పుడు ఆ నీటిలో ఆమ్ల గుణం తగ్గి, సున్నం విడిపోయి కిందికి దిగడం సులువవుతుంది.

గనుల్లో పనిచేసేవారు ఉలి, సుత్తి, గడ్డపారలతోనే ఈ రాయిని పలకలుగా విడదీయగలగడానికి కారణం కూడా ఆ బురద పేరుకున్న తీరులోనే ఉంది. సున్నపు పొరల మధ్యలో అప్పుడప్పుడు పలుచని బంకమట్టి పొర చేరింది. ఆ పొర దగ్గర రాయికి పట్టు తక్కువ కావడం వల్ల, దెబ్బ సరైన చోట పడితే బండ అక్కడే సమంగా విడిపోతుంది. నీలిబండకు, పసుపుబండకు ఉన్న రంగు తేడా కూడా సున్నానిది కాదు, ఎందుకంటే స్వచ్ఛమైన కాల్షియం కార్బనేట్ తెల్లగా ఉంటుంది. ఆక్సిజన్ అందని చోట మిగిలిన కర్బన పదార్థం, తుప్పు పట్టని స్థితిలో ఉన్న ఇనుము రాయికి నీలి బూడిద రంగునిస్తాయి. ఇనుము ఆక్సిజన్‌తో కలిసి తుప్పుగా మారిన చోట రాయి పసుపు పచ్చగా కనబడుతుంది. రాయి మొత్తంలో ఇనుము కొద్ది పాళ్లే అయినా దాని రంగును, దాంతోపాటు బజారులో దాని ధరను నిర్ణయించేది ఆ కొద్ది పాళ్లే.

చల్లగా ఉండేది బండ కాదు, పాదం

ఎండాకాలం మధ్యాహ్నం ఇంట్లో నాపబండ మీద కాలు పెడితే చల్లగా, పక్కనే ఉన్న చెక్క పీట మీద పెడితే వెచ్చగా అనిపిస్తుంది. థర్మామీటరు పెట్టి చూస్తే మాత్రం, గంటల తరబడి ఒకే గదిలో నీడపట్టున ఉన్న బండ, పీట దాదాపు ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి. చర్మం పసిగట్టేది వస్తువు ఉష్ణోగ్రతను కాదు, తన నుంచి వేడి ఎంత వేగంగా పోతోందన్న సంగతిని. సున్నపురాయి చెక్క కంటే సుమారు పది రెట్లు ఎక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. పాదం తాకిన చోటి వేడిని అది వెంటనే లోపలికి లాగేసుకుంటుంది కాబట్టి పాదం చల్లబడుతుంది, ఆ చల్లదనం బండదే అనిపిస్తుంది. అదే బండ వాకిట్లో ఎండకు కాగినప్పుడు చెక్క కంటే ఎక్కువగా చురుక్కుమనడానికీ ఈ గుణమే కారణం. అప్పుడు వేడి బండ నుంచి పాదానికి అంతే వేగంగా ఎక్కుతుంది.

వానాకాలంలో ఈ బండలు చెమ్మగిల్లినప్పుడు కింది నుంచి నీరు ఊరుతోందని చాలామంది భావిస్తారు. కొన్ని ఇళ్లలో అది నిజమే కావచ్చు గానీ, చాలా సందర్భాల్లో ఆ తడి గాలిలోనిదే. నేలను ఆనుకుని ఉన్న బండ గాలి కంటే చల్లగా ఉన్నప్పుడు, తేమ నిండిన గాలి దానికి తగిలి, అందులోని ఆవిరి సన్నని నీటి పొరగా మారుతుంది.

నిమ్మరసం చేసే పరీక్ష

మెరుగు పెట్టిన నీలిబండ మీద నిమ్మరసపు చుక్క పడి కాసేపు నిలిస్తే, తుడిచిన తరువాత అక్కడ తెల్లటి మచ్చ మిగులుతుంది. సబ్బుతో ఎంత రుద్దినా అది పోదు, ఎందుకంటే అది బండకు అంటుకున్న మరక కాదు, బండలో పడిన గుంట. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం కాల్షియం కార్బనేట్‌ను కరిగించి, అందులోని కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపుతుంది. నునుపుగా ఉన్న ఉపరితలం గరుకుగా మారడం వల్ల వెలుగు అక్కడ చెదిరిపోయి మచ్చ తెల్లగా కనబడుతుంది. చింతపండు పులుసు, మజ్జిగ, కూల్‌డ్రింకు ఇదే పనిని వేర్వేరు వేగాలతో చేస్తాయి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిసిన మరుగుదొడ్డి క్లీనర్ నిమిషాల్లోనే బండ మెరుపును తినేస్తుంది. విరిగిన బండ అంచును గీకి, ఆ పొడి మీద నిమ్మరసం వేసి దగ్గరగా చూస్తే సన్నని బుడగలు లేస్తాయి. కోట్ల ఏళ్ల కిందటి సముద్రంలో కరిగి, రాయిలో బందీ అయిన కార్బన్ డయాక్సైడ్ ఆ బుడగల్లో మళ్లీ గాలిలో కలుస్తుంది.

ఆ బందీ ఎంత పెద్దదో లెక్క వేయవచ్చు. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, 25 మిల్లీమీటర్ల మందం ఉన్న బండ సుమారు 67 కిలోలు తూగుతుంది. అందులో 80 శాతం కాల్షియం కార్బనేట్ అనుకుంటే, ఆ పదార్థపు బరువులో 44 శాతం కార్బన్ డయాక్సైడ్ కాబట్టి, ఒక్క బండలో 23 కిలోలకు పైగా ఆ వాయువు ఇమిడి ఉంటుంది. దాన్నంతా విడుదల చేస్తే మామూలు గాలి పీడనం దగ్గర సుమారు 13 ఘనపు మీటర్లవుతుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గల గదిలో దాదాపు సగాన్ని నింపడానికి అది చాలు. భూమి మీది కర్బనంలో అత్యధిక భాగం అడవుల్లోనో గాలిలోనో కాక ఇలాంటి రాళ్లలోనే దాగి ఉండటం వల్లనే భూగోళం నివసించదగినంత చల్లగా ఉంది.

అనంతగిరి వాన, తాండూరు బోరు

నిమ్మరసం చేసే పనినే వాన నీరు మరింత నెమ్మదిగా చేస్తుంది. కురిసేటప్పుడు గాలి నుంచి, ఇంకేటప్పుడు మట్టి నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని అది బలహీనమైన కార్బోనిక్ ఆమ్లంగా మారుతుంది. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల మీద పడిన వాన రెండు దారులుగా చీలుతుంది: తూర్పుకు పోయేది మూసీ, పడమరకు పోయేది కాగ్నా. మూసీ నేరుగా, కాగ్నా భీమా నదితో కలిసి, చివరికి రెండూ కృష్ణలోకే చేరతాయి. ఆ కొండల మీది ఎర్రటి లాటరైట్ రాయి, సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందట దక్కన్ పీఠభూమి మీద పారిన లావా గడ్డకట్టి ఏర్పడిన నల్లరాయి నుంచి పుట్టింది. లక్షల ఏళ్ల వానలు ఆ నల్లరాయిలోని కాల్షియాన్ని, మరికొన్ని లవణాలను కడిగి తీసుకుపోగా మిగిలిన ఇనుము, అల్యూమినియంల సమ్మేళనమే ఈ ఎర్రరాయి. అంటే జిల్లాలోని ఒక కొసన కాల్షియం పోగా మిగిలిన రాయి, మరో కొసన కాల్షియమే పేరుకుని ఏర్పడిన రాయి ఉన్నాయి.

సున్నపురాయి పగుళ్ల గుండా దిగిన నీరు దారిలో కొంత రాయిని కరిగించుకుని, కాల్షియం బైకార్బనేట్ కలిసిన కఠిన జలంగా బోరులోకి వస్తుంది. ఆ నీటిలో సబ్బు నురగ రాకపోవడానికి కారణం సబ్బు నాసిరకం కావడం కాదు. సబ్బులోని కొవ్వు ఆమ్లాలు కాల్షియంతో కలిసి, నీటిలో కరగని తెల్లటి తెట్టుగా విడిపోవడం. అదే నీటిని మరిగిస్తే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి, కరిగిన సున్నం తిరిగి కాల్షియం కార్బనేట్‌గా మారి, గిన్నె అడుగున, గీజరు కాయిల్ మీద గట్టి పెచ్చుగా అంటుకుంటుంది. ఆ పెచ్చు వేడిని అడ్డుకుంటుంది కాబట్టి నీరు కాగడానికి ఎక్కువ సమయం పడుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. గిన్నెలో నిమ్మచెక్కలు వేసి మరిగిస్తే పెచ్చు కరిగిపోతుంది. నేలను పాడుచేసిన నిమ్మరసమే ఇక్కడ గిన్నెను బాగుచేస్తుంది, ఎందుకంటే రెండు చోట్లా అది కరిగిస్తున్నది ఒకే పదార్థాన్ని.

పప్పు ఎందుకు మెత్తబడదు

బోరు నీళ్లలో పప్పు ఉడకదన్న గృహిణుల ఫిర్యాదు వెనుక గట్టి రసాయన శాస్త్రం ఉంది. కందిబద్దలోని కణాలను ఒకదానితో ఒకటి అతికించి ఉంచేది పెక్టిన్ అనే జిగురు పదార్థం. ఉడకడం అంటే ప్రధానంగా ఈ పెక్టిన్ కరిగి, కణాలు విడివడి, బద్ద మెత్తగా చితికిపోవడం. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే, ఒక్కొక్క కాల్షియం అయాను పక్కపక్కనున్న రెండు పెక్టిన్ గొలుసులను పట్టుకుని ముడి వేస్తుంది. ఆ ముళ్లు పెరిగేకొద్దీ జిగురు కరగడం మానేసి బిగుస్తుంది, పప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే మిగిలిపోతుంది.

వంటింట్లో అనుభవం మీద ఏర్పడిన కొన్ని నియమాలకు ఇక్కడ వివరణ దొరుకుతుంది. చింతపండును ముందే వేస్తే పప్పు ఉడకదనడం నిజం, ఎందుకంటే ఆమ్లం పెక్టిన్ విచ్ఛిన్నం కాకుండా కాపాడుతుంది. చిటికెడు తినే సోడా వేస్తే త్వరగా ఉడుకుతుందనడమూ నిజమే. సోడా నీటిని క్షారంగా మార్చి పెక్టిన్ గొలుసులను తెంచుతుంది, నీటిలోని కాల్షియంలో కొంత భాగాన్ని పక్కకు తొలగిస్తుంది. అయితే పప్పులో ఉన్న థయామిన్ అనే బి1 విటమిన్ క్షారంలో నిలవదు కాబట్టి సోడాతో సమయం కలిసొచ్చినా పోషకం నష్టమవుతుంది. నీటిని ముందుగా మరిగించి, తేరిన తరువాత వంపుకుని వాడితే కాల్షియంలో కొంత భాగం అడుగునే ఉండిపోతుంది, విటమిన్‌కు ముప్పు రాదు. కుక్కరు మాత్రం వేరే దారి పడుతుంది: సముద్ర మట్టానికి సుమారు 450 మీటర్ల ఎత్తున ఉన్న తాండూరులో మామూలు గిన్నెలో నీరు 98.5 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది గానీ, కుక్కరులో పెరిగిన పీడనం వల్ల ఉష్ణోగ్రత 120 డిగ్రీల దాకా చేరుకుని, కాల్షియం వేసిన ముళ్లను కూడా చాలావరకు లొంగదీస్తుంది.

కంది వేరు కింద

తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించింది. దానికి దరఖాస్తు చేసింది యాలాల రైతు ఉత్పత్తిదారుల సంస్థ. ఈ కందిలో 22 నుంచి 24 శాతం మాంసకృత్తులు ఉంటాయి. దాని నాణ్యతకు కారణాలుగా గుర్తింపు సమయంలో పేర్కొన్నవి లోతైన నల్లరేగడి, సున్నపురాయి నిక్షేపాలు, అట్టపుల్గైట్ అనే బంకమట్టి ఖనిజం. నల్లరేగడిలోని మామూలు బంకమట్టి రేకులు రేకులుగా ఉండి, నీరు తాగి ఉబ్బి, వేసవిలో నెర్రెలు విచ్చుతుంది. అట్టపుల్గైట్ కణాలు సన్నని పోగులుగా ఉండి, లోపల సూక్ష్మమైన సొరంగాలతో ఉంటాయి, ఉబ్బడం తక్కువ, పీల్చుకోవడం ఎక్కువ. ఈ ఖనిజ కుటుంబానికే చెందిన మట్టిని నీలిమందుతో కలిపి వేడిచేసి, మధ్య అమెరికాలోని ప్రాచీన మాయా ప్రజలు శతాబ్దాల తరబడి వెలవని నీలిరంగు తయారు చేశారు; రంగు అణువులు ఆ సొరంగాల్లో ఇరుక్కోవడం వల్లనే ఎండకు, వానకు, చివరికి ఆమ్లాలకు కూడా అది చెక్కుచెదరలేదు.

కంది మొక్కను మెల్లగా పెళ్లగించి చూస్తే వేళ్ల మీద చిన్న బుడిపెలు కనిపిస్తాయి. బాగా పనిచేస్తున్న బుడిపెను గోటితో చిదిమితే లోపల లేత ఎరుపు రంగు ఉంటుంది. మనిషి రక్తంలోని హీమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టమైన లెగ్‌హీమోగ్లోబిన్ అనే పదార్థం ఆ రంగునిస్తుంది. బుడిపెలో కాపురముండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చే రూపంలోకి మారుస్తుంది. అందుకు కావలసిన ఎంజైము ఆక్సిజన్ తగిలితే చెడిపోతుంది గానీ, బాక్టీరియా బతకడానికి ఆక్సిజన్ కావాలి. ఎర్రటి లెగ్‌హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టి ఉంచి, కావలసినంతే అందిస్తుంది. ఎరువుల కర్మాగారం ఇదే పనిని 400 డిగ్రీలకు మించిన వేడితో, గాలి పీడనానికి వంద రెట్లు దాటిన ఒత్తిడితో చేస్తుండగా, కంది వేరు దాన్ని మామూలు మట్టి వేడిలోనే సాధిస్తుంది.

భాస్వరం విషయంలో కంది తెలివి మరో రకం. మట్టిలో భాస్వరం ఉన్నా, నల్లరేగడిలో ఎక్కువగా కాల్షియంతో, ఎర్రనేలలో ఇనుముతో బిగుసుకుని ఉంటుంది కాబట్టి చాలా పైర్లకు అందదు. 1972లో స్థాపితమై పటాన్‌చెరులో పనిచేస్తున్న ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, కంది వేళ్లు పిసిడిక్ ఆమ్లం అనే పదార్థాన్ని స్రవించి, ఇనుము పట్టు నుంచి భాస్వరాన్ని విడిపించగలవని 1990లో ప్రకటించారు. కంది వేసిన చేనులో తరువాతి పైరు బాగా పండుతుందన్న రైతుల నమ్మకానికి నత్రజనితో పాటు ఇది కూడా ఒక ఆధారం.

కాలిన రాయి, తిరిగి రాయి

సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడికి కాలిస్తే, అందులోని కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోయి, తేలికైన తెల్లని కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. దాని మీద నీళ్లు పోస్తే పొయ్యి లేకుండానే కుతకుతలాడుతూ, పోసిన నీటిలో కొంత ఆవిరవుతుంది. రాయిని కాల్చడానికి ఖర్చు చేసిన వేడిలో కొంత భాగం అలా తిరిగి వస్తుంది. ఆ చర్యలో ఏర్పడిన కాల్షియం హైడ్రాక్సైడే తమలపాకుకు, గోడకు పూసే సున్నం. గోడకు పూసిన సున్నం తడిగా ఉన్నప్పుడు పలచగా కనిపించి, రోజులు గడిచేకొద్దీ తెల్లబడి గట్టిపడటానికి కారణం, అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారడమే.

సున్నం బలమైన క్షారం. పసుపులోని కర్క్యుమిన్ అనే రంగు పదార్థం క్షారం తగిలితే తన అణువు ఆకృతిని మార్చుకుని, వెలుగులోని వేరే రంగులను పీల్చుకుంటూ ఎర్రగా కనబడుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్లలో కుంకుమ లేకుండానే ఎరుపు వచ్చేది ఇలాగే. ఆ నీళ్లలో నిమ్మరసం పిండితే క్షారం విరిగి, ఎరుపు మాయమై, పసుపు తిరిగి ప్రత్యక్షమవుతుంది.

తాండూరు పరిసరాల్లోని సిమెంటు కర్మాగారాలు, వాటిలో కరన్‌కోట్ దగ్గర ఉన్న ప్రభుత్వ రంగ సంస్థ సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారం సహా, ఇదే రాయిని మరింత ముందుకు తీసుకుపోతాయి. సున్నపురాయిని బంకమట్టి వంటి పదార్థాలతో కలిపి 1,450 డిగ్రీల దాకా వేడిచేస్తే గోలీకాయలంతటి క్లింకర్ ముద్దలు తయారవుతాయి. వాటిని కొద్దిగా జిప్సంతో కలిపి పొడి చేసినదే సిమెంటు. జిప్సం లేకపోతే మేస్త్రీ కలుపుతుండగానే అది బిగిసిపోతుంది. సిమెంటు ఎండి గట్టిపడుతుందన్నది బాగా ప్రచారంలో ఉన్న పొరపాటు. అందులోని కాల్షియం సిలికేట్లు నీటితో కలిసి కొత్త పదార్థాన్ని నిర్మించుకోవడం వల్ల అది గట్టిపడుతుంది. అందుకే నీటి అడుగున కూడా సిమెంటు బిగుస్తుంది, అందుకే కొత్త స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలుపుతారు. తొందరగా ఆరిపోయిన స్లాబుకు బలం రాదు.

ఒక టన్ను క్లింకర్ తయారీలో, బొగ్గు పొగను లెక్కలోకి తీసుకోకుండానే, కేవలం రాయి నుంచి అర టన్నుకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ప్రపంచంలో మనుషుల వల్ల విడుదలయ్యే ఈ వాయువులో దాదాపు 7 నుంచి 8 శాతం సిమెంటు పరిశ్రమదే కావడానికి ఇది ప్రధాన కారణం. ఇంధనాన్ని మార్చి పొగను తగ్గించవచ్చు గానీ, రాయి స్వభావాన్ని మార్చలేరు. ఈ దృష్టితో చూస్తే తాండూరు గనిలోని ఒకే రాయికి రెండు భవిష్యత్తులు ఉన్నాయి. పలకగా కోసి నేలకు పరిస్తే, కోతకు, మెరుగుకు, రవాణాకు అయ్యే ఇంధనం తప్ప అది తనలోని వాయువును తనలోనే ఉంచుకుంటుంది. కొలిమికి పంపితే ఆ వాయువును గంటల్లో వదిలేస్తుంది, కాంక్రీటుగా మారాక దాన్ని తిరిగి పీల్చుకోవడం మొదలుపెట్టినా అది దశాబ్దాల పని, అదీ కొంతమేరకే. వంతెనకు, డ్యాముకు సిమెంటు తప్పదు; కానీ పరుపు బండ సరిపోయే చోట సిమెంటు పలక వేయాలా అన్న ప్రశ్న ఎదురైనప్పుడు, ధరతో పాటు చదరపు మీటరుకు 23 కిలోల ఈ లెక్కను కూడా పక్కన పెట్టుకుని చూడటం సమంజసం.